మూత్రమున మంట – మౌనము వలదు



మన యిండ్లలో తలనొప్పి వచ్చినను, పన్నుపోటు వచ్చినను నలుగురికిని తెలియును. శొంఠి అరగదీయువారొకరు, లవంగము తెచ్చి యిచ్చువారొకరు. మూత్రము పోయునపుడు మంట పుట్టినచో మాత్రము ఆ సంగతి తల్లికిని చెప్పము, భర్తకును చెప్పము. “వేడి చేసినది” అని మనకు మనమే సమాధానము చెప్పుకొని, బార్లీ నీరో, సబ్జాగింజల నీరో త్రాగి నాలుగు దినములు ఓర్చుకొందుము. మంట తగ్గగానే వ్యాధియు పోయినదని తలంతుము. ఈ తలంపు అన్ని వేళల నిజము కాదు. కావుననే సంకోచమును విడిచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మూత్రాశయమునుండి మూత్రము వెలుపలికి వచ్చు గొట్టమునకు మూత్రమార్గమని పేరు. దాని లోపలి పొర ఎఱ్ఱబడి వాచుటను వైద్యులు యురెథ్రైటిస్ అందురు. పురుషులలో ఈ మార్గము సుమారు 20 సెంటీమీటర్ల పొడవుండగా, స్త్రీలలో 4 సెంటీమీటర్లు మాత్రమే యుండును. పైగా అది యోనికిని, మలద్వారమునకును సమీపముననే యున్నది. అందుచేత సూక్ష్మక్రిములు లోనికి చేరుటయు, చేరినవి మూత్రాశయమునకు ప్రాకుటయు స్త్రీలలో సులభము.

కారణములు పెక్కులు. ప్రేవులలో నివసించు ఈ.కోలి యను క్రిమి దారి తప్పి ఇచ్చటికి చేరుట సాధారణముగా జరుగునది. సువాసన సబ్బులతోను, క్రిమిసంహారక ద్రవములతోను కడుగుకొనుటచే పొర రేగి మండవచ్చును. బహిష్టులు నిలిచిన పిమ్మట ఆ భాగము పలుచబడి, పొడిబారి మండుటయు కలదు. కనుక మంట పుట్టిన ప్రతి స్త్రీయు ఏదో అపకీర్తికరమైన వ్యాధి సోకినదని భయపడనక్కరలేదు.

అయినను, సంపర్కమువలన సంక్రమించు క్రిములును కొన్ని కలవు. మన పెద్దలు సెగవ్యాధి యని పిలిచిన గనేరియా వానిలో నొకటి. దాని క్రిమిని 1879లో ఆల్బర్ట్ నైసర్ అను జర్మను వైద్యుడు కనుగొనెను. క్లామీడియా యనునది రెండవది. ఇది మిక్కిలి గుట్టుగా నుండు వ్యాధి. సోకిన స్త్రీలలో పెక్కుమందికి మంటయు నుండదు, స్రావమును కనబడదు. అట్లే నెలల తరబడి లోననే యుండి, గర్భాశయమునకును, అండవాహికలకును ప్రాకి, వానిని వాపుచే మూసివేయవచ్చును. అప్పుడు సంతానము కలుగకపోవుటయో, గర్భము నాళములోనే నిలిచి ప్రాణాపాయమగుటయో సంభవించును. గర్భిణికి ఈ వ్యాధులున్నచో ప్రసవవేళ శిశువు కన్నులకు సోకవచ్చును.

పిల్లలు కలుగని యింట “గొడ్రాలు” అను మాట ఎవరిమీద పడునో మన మెఱుగుదుము. ఆమెకు ఆ వ్యాధి భర్తనుండియే వచ్చి యుండవచ్చును. అట్లని వ్యాధి బయటపడిన దినమున ఒకరి నొకరు నిందించుకొనుటయు తగదు. అది ఎప్పుడు సోకినదో పరీక్ష చెప్పజాలదు. వివాహమునకు పూర్వమే సోకి దాగి యుండవచ్చును. అప్పుడు చేయవలసినది ఇద్దరును కలిసి చికిత్స పొందుట.

బార్లీ నీటిని మేము తీసివేయుట లేదు. నీరు మూత్రమును పలుచన చేయును, మంటను తగ్గించును. కాని లోనున్న క్రిమిని చంపజాలదు. ఒకటి రెండు దినములలో మంట తగ్గనిచో, తగ్గి మరల వచ్చినచో, పసుపుపచ్చని లేక దుర్వాసనగల స్రావము కనబడినచో, సంపర్కమున నొప్పి కలిగినచో, పొత్తికడుపు నొప్పి పెట్టినచో, భర్తకు మంటగాని చీముగాని యున్నచో వైద్యుని చూడవలెను. గర్భవతులును, మధుమేహము కలవారును మంట కనబడిన నాడే పోవలెను. చలితో జ్వరము, నడుము ప్రక్కను పోటు, వాంతులు, మూత్రమున రక్తము, మూత్రము బిగిసిపోవుట – వీనిలో ఏదియున్నను తెల్లవారువరకు ఆగరాదు. వ్యాధి మూత్రపిండములకు ప్రాకి యుండవచ్చును.

వైద్యునియొద్ద సిగ్గు పనికిరాదు. పురుష వైద్యునితో చెప్పలేనివారు స్త్రీ వైద్యురాలిని కోరవచ్చును. మంట ఎన్నాళ్లనుండి కలదో, స్రావ మెట్టిదో, గర్భ మున్నదో లేదో తెలుపవలెను. గర్భిణులకు కొన్ని మందులు పనికిరావు. సాధారణ మూత్రపరీక్షలో క్రిములు కనబడకయే మంట నిలిచియున్నచో, క్లామీడియా, గనేరియాల పరీక్ష వలయునా యని అడుగుడు. దానికి దూదిపుల్లతో స్రావమును తీయుదురు, లేక మూత్రపు తొలి ధారను పట్టుదురు. ప్రభుత్వ వైద్యశాలలలో సురక్ష క్లినిక్కులను పేర ఈ వ్యాధులకు ఉచితముగా చికిత్స చేయుచున్నారు. అడిగిన సంగతులను గోప్యముగా నుంచుదురు.

మందులదుకాణములో ఏదో మాత్ర నడిగి మ్రింగుట ప్రమాదము. 1943 ప్రాంతమున పెనిసిలిన్ సెగవ్యాధిని అద్భుతముగా కుదిర్చెను. 1976 నాటికే ఆ మందును నిర్వీర్యము చేయు క్రిములు బయలుదేరెను. వైద్యుడు చెప్పినన్ని దినములు, చెప్పిన మోతాదున మందు పుచ్చుకొనవలెను. సంక్రమించు వ్యాధియైనచో భార్యాభర్తలిరువురును మందు తినవలెను. చికిత్స ముగిసి వైద్యుడు చెప్పువరకు, సాధారణముగా ఏడు దినములు, దాంపత్యమునకు దూరముగా నుండవలెను. ఒకరు మాత్రమే తిన్నచో రెండవవారినుండి వ్యాధి మరల సోకును. మూడు మాసముల పిమ్మట మరల పరీక్షించుకొనుట మంచిది.

ఇక నిత్యము పాటింపవలసినవి: దాహమునకు తగినంత నీరు త్రాగుట, పెండ్లిండ్లలోను ప్రయాణములలోను మూత్రమును బిగపట్టకుండుట, మలవిసర్జనానంతరము ముందునుండి వెనుకకు శుభ్రపరచుకొనుట, ఆ భాగమును మంచినీటితో మాత్రమే కడుగుకొనుట, సంపర్కానంతరము మూత్రవిసర్జన చేయుట. సంపర్కమువలన వచ్చు వ్యాధులనుండి తొడుగు చాలవరకు కాపాడును.

ఎదిగిన కుమార్తె గల తల్లులకు మా మనవి యొకటి. బహిష్టును గూర్చి చెప్పు నాడే ఈ సంగతియు ఆమెకు చెప్పుడు. మంట పుట్టిననాడు ఆమె మొదట మీయొద్దకే వచ్చి చెప్పునట్లు చేయుడు.