హైబ్రిడ్ కారు: కొనుటకు ముందొక లెక్క

హైబ్రిడ్ విత్తనము నెఱిగిన మన రైతులు ఇపుడు హైబ్రిడ్ కార్లను గూర్చి మమ్మడుగుచున్నారు. పెట్రోలు యంత్రమునకు విద్యుత్ మోటారు తోడైనదే యీ కారు. 2022లో వచ్చిన మారుతీ గ్రాండ్ విటారా, టయోటా హైరైడర్ పేరునకు రెండే గాని, పూర్తి హైబ్రిడ్ రకములో యంత్ర మొక్కటే. పరీక్షలో రెండును లీటరుకు 27.97 కిలోమీటర్లు నడచినవి. ఆ యేటనే వచ్చిన హోండా సిటీ హైబ్రిడ్ 26.5 నడచినది. మోటారు కొలదిగా మాత్రమే తోడ్పడు గ్రాండ్ విటారా గేర్ల రకము 21.11 నడచినది.

బెజవాడ బెంజిసర్కిలు వద్ద ఆగి యాగి పోవునపుడు, బ్రేకు వేయగా వృథా కావలసిన శక్తి బ్యాటరీకి చేరును గనుక పొదుపు హెచ్చు. ఏలూరు రహదారిపై నేకరీతిని సాగునపుడు తగ్గును. చప్పుడులేక కదలుట పలువురికి ముచ్చట, మాకును ముచ్చటయే. కాని బ్యాటరీ వెనుక సామానుచోటు నాక్రమించును.

పరీక్షాంకెలనే నమ్మినను, పై రెండు రకముల నడుమ వేయి కిలోమీటర్లకు మిగులునది 12 లీటర్లు. లీటరు 110 రూపాయలైనచో 1,320 రూపాయలు. వెల మూడు లక్షలు హెచ్చినచో, ఆ సొమ్ము రాబట్టుటకు 2,27,000 కిలోమీటర్లు తిరుగవలెను! దినమునకు నూరు కిలోమీటర్లు తిరుగు వర్తకునికే ఆఱేండ్లు దాటును. గుడివాడనుండి వారమున కొకమారు బెజవాడ వచ్చిపోవు రైతు, ఏటికి 5,000 తిరిగినను, నలువదియైదేండ్లు వేచియుండవలెను. అప్పు తెచ్చి కొనువారు వడ్డీని దీనికి కలుపుకొందురుగాక.