కొడవలి యాగిననాటి పూలు



2020వ సంవత్సరమున కరోనా వ్యాధి ప్రబలినప్పుడు బ్రిటను ప్రభుత్వము మార్చి 23వ తేదీన, అవసరము లేనిదే జనులు ఇల్లు వెడలరాదని శాసించెను. నాటి మృతులను తలచుకొన్న పూలకథ చెప్ప మనసొప్పదు. అయినను ఆ దినములలో పట్టణములయందు కనబడిన యొక వింతలో మన పల్లెలకు పనికివచ్చు సంగతి యున్నది.

ఆ దేశమున బాటల కిరుప్రక్కల పచ్చిక పెరుగును. వసంతము వచ్చినది మొదలు పురపాలక సంఘములవారు దానిని యంత్రములతో మాటిమాటికి కోయింతురు. ఆ యేడు పెక్కుచోట్ల కోత నిలిచిపోయెను. కొన్ని వారములలో మన చామంతిని బోలు తెల్లని డెయిజీలు, పసుపుపచ్చని డాండెలయనులు ఆ పచ్చికలో విరివిగా పూచెను. జూను మాసమున కొన్నియెడల ఆర్కిడ్లును కనబడెను. వానిలో నొకదాని పూవు, తేనెటీగ వచ్చి వ్రాలినట్లే యుండును.

ఇవి యెక్కడివి? జనులు లేరని చూచి యడవినుండి వచ్చినవా? కావు. ఆ తేనెటీగ యార్కిడ్ విత్తనము ధూళివలె సన్నము. అది మొలచి పూవు తొడుగుటకు అయిదేండ్లయినను పట్టును. అనగా 2020లో పూచిన మొక్క చాల ముందునుండియే యచ్చట నున్నది. నేల నంటియున్న ఆకులు కత్తికి దక్కెను; కాడ లేచినప్పుడెల్ల తెగిపోయెను. ఆ బాటను నిత్యము నడచినవారికిని దాని యునికి తెలియదు.

గాలివెంట వచ్చి చేరునవియు కలవు. 1940-41లో లండను నగరముపై బాంబులు పడి కాలిన స్థలములలో రోజ్‌బే విల్లోహెర్బ్ అను నిలువెత్తు ఎఱ్ఱపూల మొక్క దట్టముగా మొలచెను. దాని గింజకు జిల్లేడు గింజకువలె దూది యుండును. బాటప్రక్క ఆర్కిడ్ సంగతి వేఱు. దానికి కావలసినది కోత యాగుటయే.

అట్లని కోత యెన్నటికిని మానరాదు. మానినచో ముదురుగడ్డియు ముండ్లపొదలును పెరిగి చిన్న పూలను మ్రింగివేయును. కోసిన గడ్డి యచ్చటనే కుళ్లిన నేల బలియును, ఆ బలము గడ్డికే చేరును. పైరుకు ఎరువు మేలని యెఱిగిన మనకిది వింతగా తోచును గాని, ఈ పూలకు నిస్సారపు నేలయే హితము. కావున విత్తు రాలిన పిమ్మట కోసి, కోసినదాని నెత్తివేయవలెనని ఆ దేశపు ప్లాంట్‌లైఫ్ సంస్థవారు చెప్పుచున్నారు.

మన దేశమునను అదే యేడు మార్చి 25 నుండి జనసంచారము నిలిచెను. కాని అది మనకు వేసవి. మన బాటప్రక్కలు పూచునది వానలు కురిసిన పిదప. తెలంగాణమున బతుకమ్మకు పేర్చు గునుగు అట్టిదే. అది యొక్క యేటి మొక్క. ఈయేడు రాలిన విత్తే మరుయేటి పూవు. ఆశ్వయుజమునకు ముందే బాటలు చెక్కించు పంచాయతీవారు ఈ లెక్క చూచుకొనవలెను.

వయ్యారిభామకు మాత్రము ఈ మన్నన తగదు. 1950 తరువాత మన దేశమున వ్యాపించిన యా కలుపు దురదను, ఉబ్బసమును కలిగించును. పూతకు ముందే దానిని వేరుతో పెఱికివేయవలెను. ఒట్టిచేతితో మాత్రము పట్టరాదు.