ఉప్పునీటి అక్వేరియానికి ఎంత వెలుగు కావాలి?

హాల్లో ఓ మూల ఉప్పునీటి అక్వేరియం, అందులో గిరగిరా తిరిగే నారింజరంగు క్లౌన్ చేపలు... ఎవరికైనా ముచ్చటేస్తుంది. కానీ లైట్ల ధర వింటేనే గుండె గుభేలుమంటుంది కదూ!

నిజానికి అంత ఖరీదైన లైట్లు చేపల కోసం కాదు, పగడాల కోసం. రాయిలా కనిపించినా పగడం ప్రాణే. దాని ఒంట్లో ఉండే సూక్ష్మమైన నాచు వెలుగుతో ఆహారం తయారుచేసి దానికీ పెడుతుంది. వెలుగు చాలకపోతే పగడం చచ్చిపోతుంది.

అయితే మన దేశంలో రాతి పగడాలకు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. మన సముద్రాల్లోంచి తీసినవి అమ్మినా, కొన్నా నేరమే. 'ఏం ఫర్లేదండీ' అని ఎవరన్నా సరే, వద్దనండి. వాటి బదులు కృత్రిమ పగడాలు పెట్టుకోండి. అప్పుడు మామూలు ఎల్.ఇ.డి. లైటే సరిపోతుంది.

* రెండడుగుల తొట్టికి 20 వాట్ల ఎల్.ఇ.డి. చాలు. రోజూ 8 గంటలు వెలిగినా నెలకు 5 యూనిట్లు దాటదు. అదే 150 వాట్ల మెటల్ హాలైడ్ అయితే 36 యూనిట్లు! పైగా దాని వేడికి నీళ్లు కూడా వేడెక్కుతాయి.

* అంతకుమించి వెలిగిస్తే అద్దాలకు నాచు పడుతుంది. తొట్టిమీద కిటికీ ఎండా పడనీయొద్దు. రాత్రి లైటు ఆర్పేయండి, చేపలకూ విశ్రాంతి కావాలి.

* ఉప్పునీటి తుంపరకు లైటు తుప్పు పడుతుంది. తొట్టికి గాజుమూత తప్పనిసరి. చెయ్యి పెట్టేముందు స్విచ్ ఆపడం మరవకండి.

లైటు మీద మిగిలిన డబ్బుతో మంచి ఫిల్టరు కొనండి. చేపల ప్రాణం నిలిపేది అదే మరి!