చలి రాని మార్గశిరం

"లంబసింగిలో ఇంకా సున్నా పడలేదేం?" అని హాస్టల్లోని వాతావరణ ప్రియులు నన్నే నిలదీస్తారు, అరకు వాణ్ణని!

మా లోయ సుమారు 900 మీటర్ల ఎత్తు. ఎత్తొక్కటే చాలదు మిత్రులారా. పగలు కాగిన నేల రాత్రి ఆ వేడిని ఆకాశంలోకి వదిలెయ్యాలి. అందుకు మబ్బులేని ఆకాశం, పొడిగాలి కావాలి. అప్పుడే నేలనంటిన గాలి చల్లబడి, బరువెక్కి, కొండవాలు దిగి లోయలో నిలుస్తుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం పుడితే మబ్బు దుప్పటిలా కప్పేస్తుంది, రాత్రి వెచ్చబడుతుంది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను మన్యాన్నీ ముసురుతో ముంచింది.

యాత్రికులకు పోయేది మంచు ఫొటో. మాకైతే కళ్లంలో కాఫీ పళ్లు! తేమకి బూజు పడితే ధర సగమైనా రాదు. మా నాన్న థర్మామీటరు చూడడు. పొద్దుగూకాక చుక్కలు కనబడకపోతే, పళ్లు కుప్పచేసి బరకం కప్పమంటాడు.