సంపులోని నీటిమట్టము మారుటకు కారణమును కనుగొను విధము

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములందు వరిసేద్యముతోపాటు సిమెంటు తొట్లలో కొర్రమీను పెంచు సభ్యులు మమ్ము తఱచుగా నొక ప్రశ్న యడుగుచుందురు. "పై తొట్టిలో నీరు నిన్న నున్నట్లే యున్నది. క్రింది సంపులో మాత్రము ఒకనాడు జేనెడు తగ్గును, ఒకనాడు పొంగి పొరలును. ఇది యేమి వింత?" అని. కారణము తెలియక క్రొత్త మోటారు కొన్నవారిని మే మెఱుగుదుము. కోదాడకు సమీపమున నొక సభ్యుడు తన తమ్ముడే రాత్రివేళ నీరు తోడుకొనుచున్నాడని తలచి, ఆఱు నెలలు అతనితో మాటలు మానెను. ఆ కథ ముగింపును పిదప చెప్పెదము.

ముందుగా ఏర్పాటును గమనింపుడు. చేపలుండు పై తొట్టికి ఒక నిర్ణీతమైన యెత్తున పొంగుగొట్టము కలదు. దానిగుండ దిగిన నీరు వడపోతను దాటి సంపులో చేరును. మోటారు దానిని మఱల పైకి పంపును. పొంగుగొట్టము చెఱువునకు అలుగువంటిది. అలుగు పాఱుచున్నంతకాలము చెఱువు మట్టము దాదాపు ఒక్కతీరుగ నుండును గదా! అట్లే పై తొట్టి మట్టము కదలదు. ఎచ్చట నీరు తగ్గినను, ఎచ్చట నిలిచినను ఆ లెక్కయంతయు సంపులోనే తేలును. నాగార్జునసాగరు ఎడమ కాలువకు పాలేరు జలాశయ మెట్టిదో, తొట్టికి సంపు అట్టిది. రాకపోకల భేదమును తానే భరించును.

ఈ భేదము కంటికి మిక్కిలి పెద్దదిగ కనబడుటకు ఒక కారణము కలదు. పై తొట్టి 6 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు అనుకొనుడు. దాని వైశాల్యము 24 చదరపు మీటర్లు. అందు ఒక్క సెంటీమీటరు నీరనగా 240 లీటర్లు. సంపు వైశాల్యము 4 చదరపు మీటర్లే యైనచో ఆ 240 లీటర్లు సంపులో 6 సెంటీమీటర్లగును. కావున సంపును చూచి బెదరుటకు ముందు లెక్క వేయుడు.

సంపుగోడపై సెంటీమీటర్ల గీతలు రంగుతో గీయుడు. ఉదయము, మధ్యాహ్నము, రాత్రి మట్టమును ఒక పుస్తకమున వ్రాయుడు. మోటారు నడుచుచుండెనా, నిలిచియుండెనా యనునదికూడ వ్రాయుడు. నడుచునప్పటి మట్టము వేఱు, నిలిచినప్పటి మట్టము వేఱు. ఈ రెంటిని కలిపి చూచువాడు ఎన్నటికిని కారణము కనుగొనలేడు. పుస్తకము వారము దినములు నిండినపిమ్మట ఈ క్రింది అయిదింటిలో ఏది మీదో తెలియగలదు.

మొదటిది ఆవిరి. నీడలేని తొట్టిలో ఎండకాలమున దినమునకు సుమారు 8 మొదలు 10 మిల్లీమీటర్ల నీరు ఆవిరియై పోవును. రెండు తొట్లనుండి పోయినదంతయు సంపులోనే కనబడును గనుక, పై లెక్కనుబట్టి 1 సెంటీమీటరు ఆవిరి సంపులో 7 సెంటీమీటర్ల తగ్గుదల యగును. దీనిని పరీక్షించుట సులభము. పై తొట్టిలో ఇటుకలపై నొక బక్కెటును, అంచు నీటికి పైగా నుండునట్లు నిలిపి, దానిలో నీరు పోసి గుర్తు పెట్టుడు. వానలేని దినమున ఉదయమునుండి మఱునాటి యుదయమువఱకు బక్కెటులో తగ్గినదానిని ఏడింతలు చేయుడు. సంపులోని తగ్గుదల అంతయే యైనచో దొంగయు లేడు, చిల్లియు లేదు.

అయితే ఆవిరియగునది నీరు మాత్రమే. అందలి లవణములు తొట్టిలోనే మిగులును. ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని పెక్కు బోర్లలో ఫ్లోరైడు అధికమన్న మాట మనకు క్రొత్తది కాదు. తగ్గినప్పుడెల్ల అట్టి నీటినే చేర్చుచు పోయినచో లవణములు నానాటికి పెరుగును. కావున అప్పుడప్పుడు కొంత పాతనీటిని పొలమునకు వదలి క్రొత్తనీరు పెట్టవలెను. ఆ నీరు పైరునకు ఎరువుగాకూడ ఉపకరించును.

రెండవది కాఱుట. బక్కెటు లెక్కకు మించి రాత్రింబవళ్లు సమముగా తగ్గినచో చిల్లి గలదని యనుమానింపవలెను. గొట్టముల అతుకులను పొడిగుడ్డతో తుడిచి చూడుడు. గోడవెంట తడినేలను వెదకుడు. సంపులోని నీరు ఒక యెత్తునకు దిగి అచ్చటనే నిలిచినచో పగులు ఆ యెత్తుననే యున్నదని తెలిసికొనుడు.

మూడవది పూడిక. పొంగుగొట్టపు జల్లెడకు ఆకులు, నాచు, మేతతుంపులు అడ్డుపడినచో పై తొట్టి ఒక సెంటీమీటరు మాత్రమే పెరుగును. అది యెవరికిని కనబడదు. సంపు 6 సెంటీమీటర్లు తగ్గును. అది యందఱకు కనబడును! అప్పుడు సంపులో నీరు పోసినచో, జల్లెడను కడిగిన నాడు ఆ పోసిన నీరే పొంగి పొరలును. కావున ముందు జల్లెడను కడుగుడు, పిదప నీరు పోయుడు.

నాలుగవది మోటారు బలహీనత. వోల్టేజి తగ్గినను, మోటారు నోట చెత్త చేరినను పైకి పోవు నీరు తగ్గును, సంపుమట్టము పెరుగును. గొట్టము కొసన 200 లీటర్ల డ్రమ్మును పట్టి, నిండుటకు ఎన్ని సెకండ్లు పట్టునో నెలకొకసారి వ్రాసియుంచినచో ఇది వెంటనే బయటపడును.

అయిదవది కరెంటు పోవుట. 2018 జనవరి 1వ తేదీ మొదలు తెలంగాణమున సేద్యపు మోటార్లకు రోజంతయు కరెంటిచ్చు పద్ధతి యారంభమైనను, గాలివానకు తీగ తెగుట, ఫ్యూజు పోవుట తప్పలేదు. కోదాడ సభ్యుని కథ ఇచ్చటనే తేలినది. మేము ఒక రాత్రి ఆయన తొట్టికడ నుంటిమి. ఆ రాత్రి ఫ్యూజు పోయెను. మోటారు గొట్టపు కొస పై తొట్టి నీటిలో 10 సెంటీమీటర్లు మునిగియుండెను. మోటారు నిలువగనే ఆ గొట్టమే నీటిని వెనుకకు లాగెను. 10 సెంటీమీటర్లనగా 2,400 లీటర్లు. సంపులో ఖాళీ 1,600 లీటర్లకే యుండెను. మిగిలిన 800 లీటర్లు సడిలేక కాలువలో పడిపోయెను. ఫ్యూజు వేసి మోటారును నడుపగా పై తొట్టి యథాప్రకారము నిండెను, సంపు మాత్రము 20 సెంటీమీటర్లు తగ్గెను. ఆ జేనెడు నీటికొఱకే అన్నదమ్ములు ఆఱు నెలలు విడిపోయిరి! ఉదయము అన్నగారు తడిసిన కాలువను చూచి, ఏమియు పలుకక తమ్ముని యింటికి నడచెను.

దీనికి నివారణ సులభము. గొట్టపు కొసను నీటికి పైగా నుంచుడు. వీలుకానిచో నీటిమట్టమునకు కొంచెము క్రిందుగా గొట్టమునకు చిన్న రంధ్రము వేయుడు. నీరు రంధ్రమువఱకు దిగగనే గాలి చొచ్చి వెనుకపోటు ఆగును. ఆ రంధ్రమును వారమున కొకసారి శుభ్రపఱుపుడు. వాల్వును మాత్రమే నమ్మకుడు. చిన్న పుల్ల యడ్డుపడినను అది మూతపడదు. పిదప మీ చేతితోనే మోటారు నాపి, దిగివచ్చిన నీరంతయు సంపులో నిముడునో లేదో చూడుడు.

తుదకు ఒక హెచ్చరిక. కొర్రమీను నీటిపైకి వచ్చి గాలి పీల్చు జాతి గనుక మోటారు నిలిచినను వెంటనే బాధ చూపదు. అంతమాత్రమున నిర్లక్ష్యము తగదు. వడపోత నిలిచిన నీరు క్రమముగా విషమగును. తిలాపియావంటి చేపలు గుంపుగా నున్న తొట్టిలోనైతే కొన్ని గంటలలోనే నష్టము వాటిల్లును.

మట్టపు పుస్తకమునకు పెట్టుబడి అత్యల్పము. సందేహము కలిగిన సభ్యులు ఆ పుస్తకముతోసహా మాకడకు రండు. మోటారు కొనుటకు ముందును, పొరుగువానిని నిందించుటకు ముందును వారము దినములు గీతను చూడుడు.