పాత ఇంజనుకు కొత్త ఊపిరి
బోరు పెంచితే గుర్రాలు పెరగవు... పోయినవాటిని వెనక్కి తెచ్చుకోవడమే తొలి గెలుపు

మారికుప్పం (కోలారు జిల్లా): రైలు పట్టాలకు ఇదే ఆఖరు. బంగారుపేటలో మొదలైన లైను కోరమాండల్, ఊరిగాం, ఛాంపియన్ దాటి మారికుప్పం వచ్చి ఆగిపోతుంది. తెల్లారకముందే ఇక్కడి నుంచి బెంగళూరుకు కూలికి, కొలువుకు వెళ్లేవాళ్లు వేలల్లో ఉంటారు. రాత్రికి అదే దారిన ఇల్లు చేరతారు. అలా తిరిగొచ్చినవాళ్లలో ఓ కుర్రాడి సంచిలో ఆ రోజు టిఫిన్ డబ్బాతోపాటు మూడు పిస్టన్లు, ఓ రింగుల సెట్టు ఉన్నాయి. బెంగళూరు జె.సి. రోడ్డులో కొన్న సరుకు అది.

ఇంటి ముందు టార్పాలిన్ కింద 1996 నాటి మారుతి 800. తిరిగింది లక్షా తొంభై వేల కిలోమీటర్లు. 2001 ఫిబ్రవరి 28న బంగారు గనులు మూతపడ్డాక చేతికొచ్చిన డబ్బులో కొంత పెట్టి, తండ్రి సెకండ్ హ్యాండులో కొన్న బండి. ఆయన గనుల వర్క్‌షాపులో ఫిట్టరు. పని పోయింది, కారు మిగిలింది. కూతురి పెళ్లికీ, కుప్పం ఆసుపత్రికీ, వి.కోట చుట్టాల ఇంటికీ అదే తిరిగింది.

ఇప్పుడు నలుగురు ఎక్కితే ఎత్తు ఎక్కనంటోంది. వెనక నీలం పొగ. నెలకోసారి లీటరు ఆయిలు పోయాలి. మరోవైపు ఆర్సీ గడువు దగ్గరపడింది. పొగ పరీక్ష దాటకపోతే ఫిట్‌నెస్ రాదు. అది లేకపోతే బండి పాత ఇనుము కిందే లెక్క. పాత సామాన్ల వ్యాపారి వచ్చి ధర కూడా చెప్పి వెళ్లాడు.

‘అమ్మొద్దు నాయనా, ఇంజను దింపుదాం. పనిలో పనిగా పవర్ కూడా పెంచుదాం’ అన్నాడు కొడుకు. ఇంతవరకు అతను స్పార్కు ప్లగ్గు మార్చడం దాటి ముందుకెళ్లింది లేదు.

తండ్రి అడిగింది ఒకటే: ‘ముందు ఏం పోయిందో కొలిచినావా?’

కొలత తరవాతే కోత
మారుతి 800 పాత మోడలు ఇంజను చిన్నది. మూడు సిలిండర్లు, 796 సీసీ. కార్బురేటరు రకానికి కొత్తలో సుమారు 37 గుర్రాల శక్తి. బ్లాకు పోత ఇనుము, హెడ్డు అల్యూమినియం. మొదటిసారి ఇంజను విప్పి నేర్చుకునేవాడికి ఇంతకంటే సులువైనది దొరకదని మెకానిక్కుల మాట.

విప్పకముందే చేయాల్సింది కంప్రెషన్ పరీక్ష. ప్లగ్గులన్నీ తీసి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి, సెల్ఫు కొడుతూ ఒక్కో సిలిండరులో ఒత్తిడి చూడాలి. ఇక్కడ ఒకటో దాంట్లో 11 కిలోలు, మూడో దాంట్లో 11. నడిమి దాంట్లో 8. అందులో చెంచాడు ఆయిలు పోసి మళ్లీ చూస్తే పదిన్నరకు ఎగబాకింది. ఆయిలు పోస్తే ఒత్తిడి పెరిగిందంటే రింగులో, బోరో అరిగినట్టు. పెరగకపోతే వాల్వులనో, హెడ్ గాస్కెట్‌నో అనుమానించాలి. రూపాయి ఖర్చు పెట్టకముందే జబ్బు ఎక్కడుందో చెప్పే పరీక్ష ఇది.

ఇంజను దించాక తండ్రి పెట్టెలోంచి మైక్రోమీటరు, బోరు గేజి బయటికొచ్చాయి. ఆయనకిప్పుడు చూపు ఆనదు. పట్టుకునేది ఆయన, గీత చదివేది కొడుకు. బోరును పైన, నడుమ, అడుగున మూడుచోట్ల, రెండేసి దిక్కుల్లో కొలిచారు. పై రింగు తిరిగేచోట 0.15 మిల్లీమీటరు అరుగుదల. మామూలు వెంట్రుక మందం కంటే ఎక్కువ. అంతమాత్రానికే ఒత్తిడి కిందికి జారుతుంది, ఆయిలు పైకెక్కుతుంది.

అర మిల్లీమీటరుకు అర గుర్రం
రాబర్ట్‌సన్‌పేటలో లేతు మేస్త్రీ కొలతలు చూసి 0.50 ఓవర్‌సైజుకు రీబోరు చేయాలన్నాడు. ‘అయితే బోరు పెద్దదవుతుంది, పవర్ పెరుగుతుంది కదన్నా?’ అని కుర్రాడి ఉత్సాహం. ‘లెక్క కట్టు తమ్ముడూ’ అని నవ్వాడు మేస్త్రీ.

లెక్క ఇదీ. అసలు బోరు 68.5 మి.మీ. స్ట్రోకు 72 మి.మీ. బోరును 69కి పెంచితే 796 సీసీ కాస్తా దాదాపు 808 అవుతుంది. అంటే పెరిగింది ఒకటిన్నర శాతం. 37 గుర్రాల్లో అది అర గుర్రం.

ఇంకో లెక్క కూడా ఉంది. కేజీఎఫ్ సముద్ర మట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడి గాలి తీరప్రాంతం కంటే దాదాపు 8 శాతం పలచన. అంటే నెల్లూరులో 37 గుర్రాలు లాగే ఇంజను ఇక్కడికొస్తే 34 చిల్లరే లాగుతుంది. రీబోరుతో వచ్చేదానికంటే ఊరి ఎత్తు తినేసేదే ఎక్కువ.

మరి రీబోరు ఎందుకు? కొత్త శక్తి కోసం కాదు, పోయిన శక్తి కోసం. అరిగిన ఇంజను తన గుర్రాల్లో కొన్నింటిని ఎప్పుడో పోగొట్టుకుంది. వాటిని వెనక్కి తేవడమే మొదటి మెట్టు. మేస్త్రీ మరో జాగ్రత్త చెప్పాడు. పిస్టన్లు చేతికి వచ్చాకే బోరు కొట్టించాలి. ప్రతి పిస్టన్‌నూ కొలిచి, దానికి తగ్గ సందు ఉంచి బోరు కోస్తారు. ముందే కోయించుకుని పిస్టన్ కోసం వెతికితే బ్లాకు పాడు. జె.సి. రోడ్డు ప్రయాణం అందుకే. మారుతి 800 తయారీ 2014 జనవరిలోనే ఆగిపోయినా, లక్షల బండ్లు తిరిగిన పుణ్యాన సామాను ఇంకా దొరుకుతోంది.

శక్తి హెడ్డులో ఉంది
2000లో ఇదే 796 సీసీతో సిలిండరుకు నాలుగు వాల్వులు, ఎంపీఎఫ్ఐ పద్ధతి ఉన్న మారుతి 800 వచ్చింది. శక్తి సుమారు 45 గుర్రాలకు చేరింది. బోరు పెరగలేదు, స్ట్రోకు పెరగలేదు. గాలి పీల్చడం, ఇంధనం అందుకోవడం మెరుగయ్యాయంతే. నేర్చుకునేవాడు గుర్తుపెట్టుకోవాల్సిన పాఠం ఇదే.

ఆ లెక్కనే ఇక్కడ పని హెడ్డు వైపు మళ్లింది. వాల్వులు గ్రైండింగ్ చేయించి, పేస్టు పూసి సీటుమీద కూర్చోబెట్టారు. వాల్వు సీళ్లు మార్చారు. గాలి దారుల్లో గట్టిపడిన మసి గీకారు. హెడ్డు వంపు ఉందేమోనని బద్దకోల పెట్టి ఫీలర్ గేజితో చూశారు. పావు మిల్లీమీటరు చదును చేయించడంతో కంప్రెషన్ నిష్పత్తి 8.7 నుంచి 8.9 దగ్గరికి వచ్చింది. ఇంకా కోయిద్దామని కుర్రాడు అడిగితే తండ్రి వద్దన్నాడు. మరీ కోస్తే ఇంజను కొట్టుకోవడం మొదలవుతుంది. టైమింగు బెల్టు లెక్క తప్పుతుంది. తీసిన లోహాన్ని మళ్లీ అతికించలేం.

కార్బురేటరు విప్పి కడగడంతోపాటు పెట్రోలు పైపులన్నీ మార్చారు. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలును 2023 ఫిబ్రవరిలో బెంగళూరులోనే ప్రారంభించారు. అది పాత రబ్బరును దెబ్బతీస్తుంది. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే తక్కువ, మండడానికి కావాల్సిన గాలీ తక్కువే. పాత జెట్లతో మిశ్రమం పలచనై ఇంజను వేడెక్కే ప్రమాదముంది. అందుకే ప్లగ్గుల రంగు చూసుకుంటూ జెట్లు సరిచేసుకోవాలి.

మనవాళ్ల దారే
విప్పి నేర్చుకోవడం తెలుగువారికి కొత్తేం కాదు. కోయంబత్తూరు తెలుగు కుటుంబంలో 1893లో పుట్టిన జి.డి. నాయుడు కుర్రతనంలో ఓ ఆంగ్ల అధికారి రడ్జ్ మోటారు సైకిలు చూసి మనసు పారేసుకున్నారు. హోటల్లో సర్వరుగా పనిచేసి కూడబెట్టి దాన్నే కొన్నారు. కొన్నాక చేసిన పని, విప్పి మళ్లీ బిగించడం. 1920లో బస్సు నడిపారు. 1937లో దేశంలో తొలి విద్యుత్ మోటారు తయారీలో భాగమయ్యారు.

అదే కోయంబత్తూరులో లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన ఎస్. కరివర్ధన్ 1988లో మారుతి 800 ఇంజనుతో ఫార్ములా మారుతి రేసు కారు తెచ్చారు. 2005లో భారత్ నుంచి తొలి ఫార్ములా వన్ డ్రైవరైన నారాయణ్ కార్తికేయన్ తొలి అడుగులు ఆ కార్లతోనే పడ్డాయి. పెళ్లిళ్లకు తిరిగే బండిలోని ఇంజనే రేసు ట్రాకు ఎక్కిందన్నమాట.

వెయ్యి కిలోమీటర్ల ఓపిక
బిగింపులో తొందర పనికిరాదు. రింగుల గ్యాపు చూడాలి. బేరింగులకు ఆయిలు పూయాలి. హెడ్డు బోల్టులను నడుమనుంచి బయటికి, విడతలుగా టార్క్ రెంచితోనే బిగించాలి. టైమింగు గుర్తులు కుదిరాయో లేదో ముందు చేత్తో రెండు చుట్లు తిప్పి చూసుకోవాలి. ఇక్కడ ఒకసారి బెల్టు ఒక పన్ను తప్పింది. చేత్తో తిప్పడం వల్లే తెలిసింది. విప్పి మళ్లీ ఎక్కించారు.

నాలుగు ఆదివారాల తరవాత బండి పలికింది. మొదటి వెయ్యి కిలోమీటర్లు బరువు పెట్టకుండా, ఒకే వేగంతో లాగకుండా నడిపి, ఆ తరవాత ఆయిలు, ఫిల్టరు మార్చారు. మళ్లీ కంప్రెషన్ చూస్తే మూడింటిలోనూ 12 కిలోలు. గుర్రాలు ఎన్ని పెరిగాయో కొలిచే యంత్రం ఇక్కడ లేదు. కొలిచింది ఎత్తు రోడ్డే. నలుగురు కూర్చుంటే రెండో గేరులో ఏడ్చిన బండి ఇప్పుడు మూడో గేరులో ఎక్కుతోంది. పొగ పరీక్షా దాటింది.

‘ఇంకో పది గుర్రాలు వచ్చుంటే బాగుండు నాయనా’ అన్నాడు కొడుకు.

‘ఇన్నాళ్లూ రెండు సిలిండర్లే పనిచేస్తా ఉండె. ఇప్పుడు మూడూ లాగతా ఉండాయి. చాల్లేరా’ అన్నాడు తండ్రి. మైక్రోమీటరును నూనె గుడ్డతో తుడిచి, పెట్టెలో పెట్టబోయి, కొడుకు చేతికిచ్చాడు.

ఇవి మరవొద్దు
* మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలోని వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. వేరే ఇంజను పెట్టాలంటే ముందు ఆర్టీవో కార్యాలయంలో అడగాలి.
* 15 ఏళ్లు దాటిన కారు ఆర్సీ రెన్యువల్ రుసుము 2022 ఏప్రిల్ నుంచి రూ.5 వేలైంది. 20 ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో రూ.10 వేలు చేశారు. ఖర్చు లెక్కలో ఇదీ వేసుకోవాలి.
* శక్తి పెంచే ముందు బ్రేకులు, టైర్లు, రేడియేటరు చూసుకోవాలి. లాగే బండి ఆగాలి కూడా.
* విప్పిన ప్రతి భాగాన్నీ ఫొటో తీసుకుని, బోల్టులను వేర్వేరు సంచుల్లో పేరు రాసి పెట్టుకోవాలి.
* ఇంజనును తాడుతో కాకుండా చెయిన్ బ్లాకుతోనే దించాలి. కిందికి ఎవరూ దూరకూడదు.