సీ భాషలో స్ట్రింగుల జాబితా

సీ ప్రోగ్రామింగ్ భాషలో స్ట్రింగుల జాబితా అనగా పేర్లు, పదాలు, వాక్యాల వంటి వాటిని మెమొరీలో ఒక వరుసలో నిలిపి, వెదకడానికి, పేర్చడానికి, ముద్రించడానికి వీలు కల్పించే అమరిక. సీ భాషను 1972 ప్రాంతంలో డెన్నిస్ రిచీ బెల్ ప్రయోగశాలలో రూపొందించాడు. ఈ భాషలో స్ట్రింగు అనే ప్రత్యేక రకం లేదు. సున్నా విలువ గల బైటుతో ముగిసే బైట్ల వరుసనే స్ట్రింగుగా పరిగణిస్తారు. జాబితా అనే రకం కూడా లేదు. రెండింటినీ ప్రోగ్రామరే నిర్మించుకోవలసి ఉంటుంది.

ఆంగ్ల పాఠ్యపుస్తకాలలో ఇందుకు వారాల పేర్లనో, నెలల పేర్లనో ఉదాహరణగా ఇస్తారు. తెలుగు లిపిలోని పేర్లకు అవే పద్ధతులను యథాతథంగా వాడితే కొన్ని చిక్కులు ఎదురవుతాయి. వాటిని చూపడానికి ఈ వ్యాసంలో సినిమా పేర్ల పట్టికను తీసుకోవడం జరిగింది. మద్రాసు నుండి తరలివచ్చిన తెలుగు చలనచిత్ర పరిశ్రమకు హైదరాబాదులోని జూబ్లీహిల్స్, ఫిల్మ్ నగర్ ప్రాంతాలు కేంద్రం. ఇక్కడ తయారయ్యే ప్రతి చిత్రంలోనూ నటీనటుల, సాంకేతిక నిపుణుల పేర్లు తెర మీదకు వస్తాయి. ఆ పట్టికలో ఒక పేరు తెగిపోయినా, మాయమైనా ఆ వ్యక్తి పడిన శ్రమకు గుర్తింపు లేకుండా పోతుంది.

ఒక పేరుకు పట్టే చోటు

తెలుగు అక్షరాలకు యూనికోడ్‌లో 3072 నుండి 3199 వరకు 128 స్థానాలు కేటాయించారు. కెన్ థాంప్సన్, రాబ్ పైక్‌లు 1992లో రూపొందించిన యూటీఎఫ్-8 పద్ధతిలో ఈ స్థానాలలో ఒక్కొక్కటి 3 బైట్లను ఆక్రమిస్తుంది. ఉదాహరణకు "అ" అనే అక్షరం 224, 176, 133 అనే మూడు బైట్లుగా నిలువ అవుతుంది. గుణింతపు గుర్తులు, పొల్లు కూడా విడివిడి స్థానాలే. కావున కంటికి ఒక అక్షరంగా కనబడే "క్కి" నిజానికి క, పొల్లు, క, గుడి అనే నాలుగు స్థానాలు, అంటే 12 బైట్లు.

హైదరాబాదులో స్టూడియోలు నెలకొల్పిన నలుగురు సినీ ప్రముఖుల పేర్లను పరిశీలిద్దాం. "అక్కినేని నాగేశ్వరరావు" 21 స్థానాలు, ఒక ఖాళీ, వెరసి 64 బైట్లు. "ఘట్టమనేని కృష్ణ" 43, "దగ్గుబాటి రామానాయుడు" 58, "నందమూరి తారక రామారావు" 59 బైట్లు. ప్రతి దానికీ చివరి సున్నా కొరకు మరొక బైటు కలపాలి. పొడవును కొలిచే స్ట్ర్‌లెన్ ఫంక్షన్ ఆ సున్నాను లెక్కలోకి తీసుకోదు. అది చెప్పేది బైట్ల సంఖ్యే గాని అక్షరాల సంఖ్య కాదు.

రెండు పరిమాణాల అర్రే

అన్నిటికంటే సులభమైన పద్ధతి, ప్రతి పేరుకూ సమానమైన చోటు కేటాయించడం. నాలుగు వరుసలు, వరుసకు 64 బైట్లు గల అర్రేను ప్రకటిస్తే సరిపోతుందని అనిపిస్తుంది. ఆంగ్ల లిపిలో అక్కినేని నాగేశ్వరరావు పేరు పాతిక బైట్లు కూడా దాటదు గనుక, ఆంగ్లంలో పరీక్షించి చూసినవారికి ఇందులో లోపమేమీ కనబడదు.

తెలుగులో మాత్రం ఆ పేరు వరుసను అంచు వరకు నింపివేస్తుంది, చివరి సున్నాకు చోటుండదు. స్ట్ర్‌కాపీ ఫంక్షన్ హద్దులను చూడదు గనుక ఆ సున్నాను పక్క వరుస మొదటి బైటులో వ్రాస్తుంది. పక్క వరుసలో ఘట్టమనేని కృష్ణ పేరు ముందే ఉంటే దాని తొలి బైటు సున్నా అయి, ఆ పేరు ఖాళీ స్ట్రింగుగా మారిపోతుంది. ఆ పేరును తరువాత నింపితే సున్నా చెరిగిపోయి, మొదటి పేరును ముద్రించినప్పుడు ఇద్దరి పేర్లూ కలిసి ఒకటిగా వస్తాయి. సీ ప్రమాణం ప్రకారం ఇటువంటి ప్రోగ్రాము ఫలితం అనిర్దిష్టం. పై రెండూ సాధారణంగా కనబడేవి మాత్రమే.

గరిష్ఠ పరిమితిని తీసుకొనే స్ట్ర్‌ఎన్‌కాపీ దీనికి పరిష్కారమని పలువురు భావిస్తారు. అది సరికాదు. 64 పరిమితి ఇస్తే అది 64 బైట్లను నింపి, సున్నా పెట్టకుండానే ఆగిపోతుంది. 63 వద్ద ఆపి సున్నాను మనమే పెడితే, చివరి కొమ్ముకు చెందిన మూడు బైట్లలో ఒకటి తెగిపోయి, "వు" స్థానంలో "వ", దాని పక్కన ఒక చెల్లని గుర్తు మిగులుతాయి. తప్పనిసరిగా కత్తిరించవలసి వస్తే, తెగిన చోట మొదలయ్యే బైటు విలువ 128 నుండి 191 లోపు ఉన్నంత వరకు వెనుకకు జరిగి, అక్కడ కోయాలి. అయితే పేర్లను కత్తిరించకపోవడమే ఉత్తమం.

పాయింటర్ల అర్రే

రెండవ పద్ధతిలో జాబితాలో పేర్లు ఉండవు, పేర్లు ఉన్న చోటి చిరునామాలు ఉంటాయి. ప్రకటన రూపం ఇలా ఉంటుంది (తెలుగు లిపిలో):

చార్ *పేర్లు[4];

ప్రతి పేరుకూ మాలాక్ ద్వారా దాని పొడవు, మరొక బైటు కలిపి చోటు తీసుకోవాలి. పై నలుగురి పేర్లకు ఈ పద్ధతిలో 228 బైట్లు, 64 బిట్ల యంత్రంలో నాలుగు పాయింటర్లకు 32 బైట్లు, మొత్తం 260 బైట్లు అవుతాయి. వరుసకు 65 బైట్ల అర్రే పెట్టినా సరిగ్గా 260 బైట్లే. కనుక పొడవైన పేర్ల విషయంలో ఇది మెమొరీని ఆదా చేస్తుందని చెప్పలేము. "రేలంగి" వంటి 18 బైట్ల పేర్లు ఎక్కువగా ఉన్నప్పుడు ఆదా కనబడుతుంది. అసలు ప్రయోజనం, పేరు పొడవుకు ముందుగా హద్దు గీయవలసిన అవసరం లేకపోవడం.

కొత్తగా నేర్చుకొనేవారికి ఇక్కడ తరచుగా ఎదురయ్యే పొరపాటు ఒకటుంది. ఫైలు నుండి ఎఫ్‌గెట్స్‌తో ఒక్కొక్క పంక్తినీ ఒకే బఫరులోకి చదివి, ఆ బఫరు చిరునామానే జాబితాలో చేర్చుకుంటూ పోతారు. చివరికి జాబితాలోని ప్రతి స్థానంలోనూ ఆఖరున చదివిన పేరే కనబడుతుంది. ప్రతి పేరుకూ ప్రత్యేక నకలు తీయాలి. ఈ పని చేసే స్ట్ర్‌డప్ ఫంక్షన్ చాలాకాలం పోసిక్స్ ప్రమాణంలో మాత్రమే ఉండి, 2024లో వెలువడిన సీ ప్రమాణంలో చేరింది. ఎఫ్‌గెట్స్ పంక్తి చివరి గుర్తును కూడా తెస్తుంది. దానిని తొలగించిన తరువాతే నకలు తీయాలి. పాత పుస్తకాలలో కనిపించే గెట్స్ ఫంక్షన్‌ను 2011 ప్రమాణం నుండి తొలగించారు.

ఎన్ని పేర్లు వస్తాయో ముందుగా తెలియనప్పుడు పాయింటర్ల అర్రేను కూడా మాలాక్‌తో తీసుకొని, నిండినప్పుడల్లా రీయాలాక్‌తో రెట్టింపు చేస్తారు. రీయాలాక్ విఫలమైతే శూన్య పాయింటరును తిరిగి ఇస్తుంది. దానిని నేరుగా పాత పాయింటరులో వేస్తే అప్పటి వరకు చేర్చిన జాబితా చేజారిపోతుంది గనుక వేరొక పాయింటరులో అందుకొని పరీక్షించాలి. పని ముగిశాక ముందుగా ఒక్కొక్క పేరును, చివరగా అర్రేను ఫ్రీ చేయాలి.

అకారాది క్రమం

క్యూసార్ట్‌కు ఇచ్చే పోలిక ఫంక్షన్‌కు పేరు కాక, జాబితాలోని పాయింటరు యొక్క చిరునామా అందుతుంది. ఈ ఒక్క అంచె మరచిపోయి వచ్చిన దానిని నేరుగా స్ట్ర్‌కంప్‌కు ఇస్తే క్రమం అర్థరహితంగా ఉంటుంది.

స్ట్ర్‌కంప్ బైట్లను సంఖ్యలుగా పోలుస్తుంది. యూటీఎఫ్-8లో బైట్ల క్రమం యూనికోడ్ క్రమాన్ని అనుసరిస్తుంది కావున తెలుగు పేర్లు చాలావరకు సరిగానే పేరుకుంటాయి. తెలుగువారి ఇంటిపేరు ముందు ఉండడం వలన ఒకే కుటుంబం వారు ఒకచోటికి చేరడం మరొక సౌకర్యం. అయితే యూనికోడ్‌లో "ఱ" స్థానం "ర" పక్కన, "ళ" స్థానం "ల" పక్కన ఉన్నాయి. బడిలో నేర్పే వర్ణమాలలో ఇవి చివరన వస్తాయి. అందువలన స్ట్ర్‌కంప్ కాళహస్తిని కావలికి ముందు ఉంచుతుంది. వర్ణమాల ప్రకారం కావలి ముందు రావాలి. భాషా నియమాలను బట్టి పోల్చే స్ట్ర్‌కాల్ ఫంక్షన్ ఉన్నది గాని, సెట్‌లొకేల్ ద్వారా తగిన లొకేల్‌ను ఎంచుకోనంత వరకు అది కూడా స్ట్ర్‌కంప్ వలెనే ప్రవర్తిస్తుంది.

ఒకటిగా కనబడే వేర్వేరు స్ట్రింగులు

"ఫిల్మ్ నగర్" అనే పేరు 31 బైట్లు. కొందరు పొల్లు తరువాత, ఖాళీకి ముందు, అక్షరాలను విడదీసే కనబడని గుర్తును (స్థానం 8204) కూడా టైపు చేస్తారు. అప్పుడు అది 34 బైట్లు. తెర మీద రెండూ ఒకేలా ఉన్నా స్ట్ర్‌కంప్ దృష్టిలో వేరు. "హైదరాబాదు"లోని ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ, ఎత్వం, దాని కింద మరొక గుర్తు అనే రెండు స్థానాలుగానూ వ్రాయవచ్చు. మొదటిది 27 బైట్లు, రెండవది 30. యూనికోడ్ ఈ రెండింటినీ సమానమని నిర్వచించినా సీ ప్రామాణిక లైబ్రరీలో వాటిని ఏకరూపం చేసే ఫంక్షన్ లేదు. పేరును జాబితాలో చేర్చక ముందే ఇటువంటి తేడాలను సరిచేయాలి.

పొడి అక్షరాలు ఇంతకంటే కష్టమైనవి. "డి. రామానాయుడు" డకారం కింద, "దగ్గుబాటి రామానాయుడు" దకారం కింద చేరతాయి. ఇద్దరూ ఒకరేనని బైట్లను చూసి తెలుసుకొనే మార్గం లేదు. అందుచేత ఒక స్ట్రక్చరులో రెండు పాయింటర్లు ఉంచి, ఒకదానిలో తెర మీద చూపవలసిన రూపాన్ని, రెండవ దానిలో ఇంటిపేరుతో కూడిన పూర్తి రూపాన్ని నిలువ చేసి, పోలికకు రెండవ దానిని మాత్రమే వాడతారు. రెండవ రూపాన్ని మాత్రం ఆ పేర్లు తెలిసిన మనిషే నింపవలసి ఉంటుంది.